కార్ట్రిడ్జ్ పిన్ను మీద సోల్డరింగ్ ఐరన్ పెట్టించకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత రికార్డ్ ప్లేయర్లను మళ్లీ పాడించుకోవడం గురించి వేసిన కథనం చదివాను. అటక మీది పెట్టెలకు ఇన్నాళ్లకు ఒక పేజీ దొరికిందని సంతోషించాను. కానీ చివర బాక్సు కట్టి ఇచ్చిన చిట్కాల్లో ఒకటి చూసి చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాను. ముల్లును మోసే ఆర్మ్ చివర వైరు ఊడితే దాన్ని నేరుగా కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బీ) పిన్నుకే సోల్డర్ చేసుకోవచ్చని రాశారు. అది చేయకూడని పని. నేను చేసి చెడగొట్టుకున్నాను కాబట్టే చెబుతున్నాను.

నేను కాజీపేటలో రైల్వే సిగ్నల్, టెలికాం విభాగంలో 34 ఏళ్లు పనిచేసి రిటైరైన టెక్నీషియన్ని. పట్టాల పక్కన గోతుల్లో కూర్చుని క్వాడ్ కేబుళ్లు (నాలుగేసి తీగలు జట్టుగా మెలివేసినవి) అతికిన చేతులివి. ఆ కేబుల్లో రాగి తీగ మందం 0.9 మిల్లీమీటర్లు. ఆ అలవాటుతో రికార్డ్ ప్లేయర్ ఆర్మ్ ఒక లెక్కా అనుకున్నాను.

ప్లేయర్ మా బావది. జగిత్యాల దగ్గరి ఊరు. కువైట్‌లో పనిచేస్తూ 1987లో సెలవు మీద వచ్చినప్పుడు టెక్నిక్స్ ప్లేయర్ ఒకటి మోసుకొచ్చాడు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడ్డాక ఆయన అమ్మాన్ మీదుగా ఒక చేతిసంచితో ఇల్లు చేరాడు. అక్కడ సంపాదించిన వాటిలో అంతకుముందే ఇంటికి చేరినవే మిగిలాయి, అందులో ఇదొకటి. బావ పోయాక అక్క దాన్ని నాకిచ్చింది. "నువ్వన్న పాడియ్యి తమ్మీ, గీడుంటె ఎలుకలు కొరుకుతయ్" అంది.

పెట్టి చూస్తే ఎడమ స్పీకర్ ఒకసారి పలికేది, ఒకసారి పలికేది కాదు. ఆర్మ్ కొసన కార్ట్రిడ్జ్‌ను పట్టుకునే హెడ్‌షెల్ ఉంటుంది కదా, అందులో తెల్ల వైరు క్లిప్పు వదులుగా కనిపించింది. దొరికింది దొంగ అనుకుని ఐరన్ వేడి చేసి, క్లిప్పును పిన్ను మీదే ఉంచి లెడ్డు (సోల్డర్) అంటించాను. మూడు సెకన్లు కూడా పట్టలేదు. పిన్ను ప్లాస్టిక్‌లో కొంచెం పక్కకు ఒరిగింది, అంతే. లోపల వెంట్రుక కంటే సన్నని తీగతో చుట్టిన కాయిల్ కొస ఆ పిన్నుకే అతికి ఉంటుంది. ఆ అతుకు ఊడింది. ఇక ఎడమ వైపు అసలే పలకలేదు. క్లిప్పు వదులైతే దాన్ని పిన్ను నుంచి తీసి, నోస్ ప్లయర్‌తో కాస్త నొక్కి మళ్లీ తొడిగితే చాలని తర్వాత తెలిసింది.

కొత్త కార్ట్రిడ్జ్ తెప్పించి బిగించాను. చిత్రం ఏమిటంటే పాత జబ్బు అలాగే ఉంది! అప్పుడు గాని నా రైల్వే బుర్ర పనిచేయలేదు. ముందు ఆంప్లిఫయర్ దగ్గర ఎడమ, కుడి పిన్నులు మార్చి పెట్టాను. మూగ పక్క మారింది, అంటే తప్పు ఆంప్లిఫయర్‌ది కాదు. వాటిని మళ్లీ యథాస్థానంలో పెట్టి, హెడ్‌షెల్‌లో ఎడమ జత, కుడి జత తారుమారు చేశాను. ఈసారి మూగ పక్క మారలేదు, అంటే కార్ట్రిడ్జ్ మంచిదే. హెడ్‌షెల్ విప్పేసి ఆర్మ్ మూతి దగ్గరొక ప్రోబ్, వెనక పిన్ను దగ్గరొక ప్రోబ్ పెట్టి మీటర్ బీప్ వింటూ ఆర్మ్‌ను మెల్లగా లోపలికి జరిపాను. రికార్డు అంచు దగ్గర బీప్ వస్తోంది, మధ్యకు వస్తుంటే తెగుతోంది. వెంటనే బుర్రలో వెలిగింది. మొదటి పాట రెండు పక్కలా పాడి, ఆఖరి పాటకు ఎడమ పక్క మూగబోయేది ఇందుకే. ఆర్మ్ తిరిగే ఇరుసు దగ్గర వైరు వంగి వంగి లోపల విరిగింది. పైన తొడుగు మాత్రం చెక్కుచెదరలేదు.

(కార్ట్రిడ్జ్ తగిలించి ఉండగా మీటర్ పెట్టకండి. మా డిపార్ట్‌మెంట్ వాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఎక్కువ వోల్టేజీతో కేబుల్ ఇన్సులేషన్ పరీక్షించే మెగ్గర్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.)

హనుమకొండలో ఒక షాపుకు తీసుకెళ్తే కుర్రవాడు పైకీ కిందికీ చూసి, "ఆర్మ్ పోయింది సార్, ఇది షోకేస్‌ల పెట్టుకోండ్రి" అన్నాడు. అతన్ని ఏమనాలి? ఆర్మ్ లోపలి వైరు మార్చడం అతనికి ఎవరు నేర్పారు గనుక! హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో నాలుగైదు షాపుల్లో అడిగాను, దొరకలేదు. చివరికి ఆన్‌లైన్‌లో 900 రూపాయలకు తెప్పించాను. లిట్జ్ వైరు అంటారు. ఒక్కో వైరులో బోలెడు రాగి పోగులు, ఒక్కో పోగుకూ విడిగా ఎనామెల్ పూత. రంగులు నాలుగు: తెలుపు ఎడమ సిగ్నల్, నీలం దాని జోడీ, ఎరుపు కుడి సిగ్నల్, ఆకుపచ్చ దాని జోడీ.

అసలు కష్టం ఆ వైర్లను ఎస్ ఆకారంలో వంగిన గొట్టంలోంచి దూర్చడం. పాత వైర్ల కొసకు దారం కట్టి, వాటిని బయటికి లాగితే దారం లోపలికి వస్తుంది, ఆ దారానికి కొత్తవి కట్టి లాగాలి. నేను వేసిన ముడి రెండో వంపు దగ్గర ఇరుక్కుంది. బలంగా లాగితే దారం తెగి లోపలే ఉండిపోతుందని భయం. అరగంట దాన్ని పట్టుకుని కూర్చున్నాను.

మా ఆవిడది వరంగల్ కొత్తవాడ. పుట్టింట్లో దర్రీల (నూలు తివాచీల) మగ్గం. వంటింట్లోంచి వచ్చి చూసి, "గట్ల ముడేస్తె ఎట్ల వోతది? పోగు మీద పోగు మెలెయ్యాలె" అంది. మగ్గం మీద పాత పడుగు అయిపోయే ముందు కొత్త పడుగును ఒక్కో పోగూ మెలిపెట్టి అతుకుతారు, ముడి ఉంటే అచ్చులోంచి, అంటే పోగులు దూరే దువ్వెనలాంటి దాంట్లోంచి, జారదు. నా ముడిని వెనక్కి తీసి విప్పేసింది. పొయ్యి దగ్గరి నుంచి చిటికెడు బూడిద తెచ్చి వేళ్లకు అద్దుకుంది. నాలుగు వైర్ల కొసలనూ ఒకేచోట కాకుండా మెట్లు మెట్లుగా, ఒకదాని వెనక ఒకటి వచ్చేలా దారానికి మెలిపెట్టింది. ఫెవికాల్ ఒక చుక్క రాసి ఆరనిచ్చాం. లాగితే సూదిలో దారం పోయినట్టు పోయింది. కొత్తవి కూడా అలాగే. 34 ఏళ్ల జాయింటింగ్ సర్వీసు ఉన్నవాణ్ణి, నోరు మూసుకుని చూశాను.

ఇక సోల్డరింగ్. లిట్జ్ వైరు కొస చూడ్డానికి రాగిలాగే మెరుస్తుంది గానీ ఆ ఎనామెల్ పోకపోతే లెడ్డు పట్టదు. పట్టినట్టే కనిపించి సగం పోగులకే తగులుతుంది. ఐరన్ కొసన లెడ్డు బొట్టు కరిగించి, వైరు కొసను అందులో ముంచి ఉంచితే సన్నగా పొగ లేచి పూత కాలిపోతుంది. కాలాక కొస మొత్తం వెండిలా తెల్లబడుతుంది, అప్పుడే అతకాలి. హెడ్‌షెల్‌లోని పొట్టి వైర్లు కూడా పాతబడ్డాయని వాటినీ మార్చాను. ఈసారి క్లిప్పును పిన్ను మీద ఉంచలేదు. అగరుబత్తి పుల్ల కొస గీకి, దానికి తొడిగి అతికాను. పుల్ల కాస్త మాడింది, కార్ట్రిడ్జ్ డబ్బాలో క్షేమంగా ఉంది.

అంతటితో అయిపోలేదు. అంతా బిగించి, వెనక బరువు సరిచేసి, ఆర్మ్ గాలిలో తేలేలా పెట్టి వదిలితే తనంతట తాను మెల్లగా బయటికి జరిగింది. ఇరుసు కింద వైరు మరీ బిగుతుగా ఉంది, స్ప్రింగులా గుంజుతోంది. ముల్లు రికార్డు మీద పెట్టే బరువు రెండు గ్రాములలోపు. అంత తేలిక చోట వైరు బిగువు కూడా బరువే. మళ్లీ విప్పి, ఇరుసు కింద ఒక వదులు చుట్టు వదిలి కింది బోర్డుకు అతికాను. ఇప్పుడు ఎక్కడ వదిలితే అక్కడే నిలుస్తుంది.

మొదటిసారి పెట్టినప్పుడు రెండు పక్కలా పాట వచ్చింది గానీ పాడేవాడు ఎక్కడున్నాడో తెలియలేదు. గొంతు మధ్యలోంచి రావాల్సింది గోడలకు అంటుకుపోయినట్టు ఉంది, తబలా పలచబడింది. తెలుపు, నీలం తారుమారు చేశానని, అందుకే రెండు స్పీకర్లూ ఒకదానికొకటి ఎదురు పలుకుతున్నాయని అర్థమైంది. కళ్లద్దాలు మార్చాల్సిన వయసు, ఏం చేస్తాం!

మీ కథనంలో ఇంకో మాట, గుయ్‌మని రొద వస్తే ఆంప్లిఫయర్ పాతబడ్డట్టే అన్నది కూడా తొందరపాటే. కార్ట్రిడ్జ్ నుంచి వచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు. రికార్డు మీద గాడి కోసేటప్పుడు బేస్ (మంద్ర) శబ్దాలను తగ్గించి కోస్తారు, వినేటప్పుడు ఫోనో ప్రీఆంప్లిఫయర్ వాటిని తిరిగి పెంచుతుంది. అమెరికా రికార్డు కంపెనీల సంఘం పేరు మీద 1954 నుంచి ఉన్న ఆర్‌ఐఏఏ పద్ధతి ఇది. మన కరెంటు 50 హెర్ట్జ్, సరిగ్గా ఆ చోట పెంపు దాదాపు 17 డెసిబెల్స్. అందుకే ఆర్మ్‌లో ఎర్త్ వైరు ఒక్కటి ఊడినా ఇల్లంతా గుయ్‌మంటుంది. ఆంప్లిఫయర్ అమ్మేసే ముందు ఆ వైరు ఒకసారి చూడమని రాయండి.

ఈ ఉత్తరం మొత్తం వేయడానికి చోటు లేకపోతే వదిలేయండి. పిన్ను మీద సోల్డర్ చేయమన్న చిట్కాకు మాత్రం వచ్చే ఆదివారం సవరణ వేయండి. మీ కథనం వచ్చిన మర్నాడే మా వాకింగ్ గ్రూపులో ఒకాయన వాళ్ల నాన్నగారి ప్లేయర్ దింపి, ఐరన్ అడగడానికి మా ఇంటికి వచ్చాడు. అగరుబత్తి పుల్ల కూడా ఇచ్చి పంపాను.

ఇట్లు,
ఒక విశ్రాంత రైల్వే టెక్నీషియన్,
కాజీపేట, హనుమకొండ జిల్లా