పాత ఫోన్ ఉన్న పింఛనుదారుల మాటేమిటి?

సంపాదకుడు గారికి,

నవంబరు దగ్గర పడుతుంటే మా పర్లాకిమిడిలో రైల్వే, కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. బతికే ఉన్నామని జీవన్ ప్రమాణ్ అనే ధ్రువపత్రం ఇవ్వాలి. ఈ డిజిటల్ పద్ధతి 2014లో వచ్చింది. వేలిముద్రలు అరిగిపోయినవాళ్లు మిషన్ దగ్గర నానా అవస్థ పడేవారు. 2021 నవంబరులో ముఖం చూపించి ఇచ్చే సౌకర్యం పెట్టారు. చాలా మంచి పని. ఇంట్లో కుర్చీలోంచి లేవకుండానే అయిపోవాలి. మా వైపు మాత్రం చాలామందికి అది ఫోన్ దగ్గరే ఆగిపోతోంది.

ఇక్కడి పెద్దవాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నవి పది, పన్నెండు వేలు పెట్టి ఎప్పుడో కొన్న ఫోన్లే. రిటైరైనప్పుడు కొనుక్కున్నవి కొన్ని, పిల్లలు కొత్తది తీసుకుని ఇచ్చేసినవి కొన్ని. 2017 జనవరిలో మన దేశంలోకి వచ్చిన రెడ్‌మి నోట్ 4 సంగతే చూడండి. వెనక 13 మెగాపిక్సెల్ కెమెరా, ముందు 5. బ్యాటరీ 4100 ఎంఏహెచ్. ఎఫ్ఎం రేడియో ఉంది, మామూలు ఇయర్‌ఫోన్ పెట్టుకోవచ్చు, అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. పగటి వెలుగులో వీధి అరుగు మీద తీస్తే పాస్‌బుక్‌లోని సన్న అక్షరాలు కూడా చదవగలిగేలా ఫొటో వస్తుంది. ట్యూబ్‌లైటు కింద మాత్రం మసగ్గా, చుక్కలు చుక్కలుగా వస్తుంది. చేయి కాస్త వణికితే బొమ్మ చెదిరిపోతుంది, పెద్దవాళ్ల చెయ్యి వణక్కుండా ఎలా ఉంటుంది? అయినా ముఖం పోల్చుకోవడానికి ఇంతకంటే గొప్ప కెమెరా అక్కర్లేదు. మొహం మీద వెలుగు పడాలి, వెనక కిటికీ ఉండకూడదు, అడిగినప్పుడు కళ్లార్పాలి.

అడ్డుపడేది కెమెరా కాదు, ఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఆండ్రాయిడ్ వెర్షన్. ఆ ఫోన్‌కు కంపెనీ ఇచ్చిన ఆఖరి వెర్షన్ 7. ముఖం గుర్తించే ఆధార్ యాప్‌కు అంతకంటే కొత్తది కావాలి. దాంతో బాగా పనిచేస్తున్న ఫోన్‌ను పక్కన పెట్టి, పింఛను డబ్బుతో ఇంకోటి కొనమని షాపుల్లో సలహా ఇస్తున్నారు. ఎనభై దాటిన మనిషి ఏడాదికి ఒక్కసారి పడే ఈ పని కోసం పది వేలు ఎందుకు ఖర్చు పెట్టాలి?

పాత వెర్షన్లకు భద్రత అప్‌డేట్లు ఆగిపోయాయి కాబట్టి ఆధార్ పనికి వాటిని ఒప్పుకోవడం లేదంటే అర్థం చేసుకోగలను. అలాంటప్పుడు పనికొచ్చే ఫోన్‌ను ప్రభుత్వమే అందుబాటులో ఉంచాలి. ఒకే ఫోన్‌తో ఎంతమందికైనా ధ్రువపత్రం ఇవ్వొచ్చు. పట్టణంలో వార్డుకొకటి, పల్లెల్లో పంచాయతీ ఆఫీసుకో సబ్ పోస్టాఫీసుకో ఒకటి అక్టోబరు, నవంబరు నెలల్లో పెడితే చాలు. ఎనభై దాటిన కేంద్ర పింఛనుదారులకు అక్టోబరు నుంచే అవకాశం ఉంది కనుక రద్దీ కూడా ఉండదు. ఆ ఫోన్ పట్టుకుని కూర్చునే మనిషికి తెలుగు వచ్చి ఉండాలని గట్టిగా కోరుతున్నాను. నౌపడ–గుణుపురం లైనులో పనిచేసి ఇక్కడే స్థిరపడిన తెలుగువాళ్లలో ఒడియా మాట్లాడగలిగినా చదవలేనివారు ఉన్నారు. తెలుగులో చెప్పేవాళ్ల కోసం మహేంద్రతనయ నది దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తున్నారు. ఎక్కడి నుంచి ఇచ్చినా పత్రం ఆన్‌లైన్‌లో పింఛను ఇచ్చే కార్యాలయానికే చేరుతుంది. ఆ ప్రయాణం అవసరం లేదని చెప్పేవాళ్లు కూడా వాళ్లకు దొరకడం లేదు.

పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేసే సేవ 2020 నుంచి ఉంది. దాని గురించి మా వీధిలోనే చాలామందికి తెలియదు. పోస్టాఫీసు గోడ మీద తెలుగులో ఒక నోటీసు అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

కంపెనీల సంగతి కూడా చూడాలి. ఐరోపా యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధన వచ్చింది. ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు అందించాలి. మన వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్ తెచ్చింది. స్క్రీన్, బ్యాటరీ మార్చుకునే హక్కుతో పాటు, అప్‌డేట్లు ఏ ఏడాది వరకు వస్తాయో ఫోన్ పెట్టె మీదే ధర పక్కన అచ్చు వేయించాలి. అది చూసి కొనుక్కుంటాం.

ఈ అక్టోబరు మొదటి వారంలోగా గజపతి, రాయగడ జిల్లాల్లో ఫోన్లు ఏ ఏ కేంద్రాల్లో పెడతారో జిల్లా యంత్రాంగాలు, తపాలా శాఖ ప్రకటించాలని మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక రైల్వే పింఛనుదారుడి కూతురు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా