ఉసురు నీకు తగలదు బిడ్డా

రాజురా

బిడ్డా,

రెండోసారీ నీ కడుపు నిలవలేదని మీ అమ్మ చెప్పింది. "బాపు ముంచిన రైతుల ఉసురే నాకు తగిలింది" అని ఏడ్చావట. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

నేను చేసింది నిజమే. పదకొండేళ్లు పత్తి కాంటా దగ్గర కూర్చున్నా. ఎండిన పత్తిని తడి అన్నా. క్వింటాల్‌కు రెండు కిలోలు తరుగు కోశా. దూదేకుల ఇంట్లో పుట్టి పత్తి దగ్గరే దొంగనయ్యా. తూకం తగ్గించేవాళ్లకు వినాశమంటూ ఖురాన్‌లో 83వ సూరా, అంటే అధ్యాయం, మొదలవుతుంది. అది చదివితే నన్ను పేరుపెట్టి పిలిచినట్టుంటుంది.

కానీ ఆ మూట నాది. ఒకరి బరువు మరొకరు మోయరన్న మాట ఖురాన్‌లో ఐదు చోట్ల ఉంది. ఫాతిర్ సూరాలో (35:18) ఇంకా గట్టిగా ఉంది: బరువుకు కుంగినవాడు చెయ్యి వెయ్యమని సొంత రక్తాన్ని పిలిచినా, అందులో రవ్వంత కూడా ఎవరూ ఎత్తుకోరు. రేపు నేను పిలిచినా నువ్వు మోయలేవు. మోయమని అల్లా నిన్ను అడగడు కూడా. ఆదం తప్పే ఆయన పిల్లలకు అంటలేదు; ఆయన పశ్చాత్తాపపడి తౌబా చేశాడు, అల్లా మన్నించాడు. ఇబ్రాహీం ప్రవక్త తండ్రి ఆజర్, తన కొడుకు నమ్మిన దారికి రాలేదు. అయినా అల్లా ఆ కొడుకును తన ఆప్తుడిగా చేసుకున్నాడు.

అన్యాయమైపోయినవాడు వేడుకునే దువాకు, అల్లాకు మధ్య తెర ఉండదని ముహమ్మద్ ప్రవక్త చెప్పారు. ఆ భయం నాకుండాలి. నీకెందుకు? నా ఉసురు నీకు తగిలిందన్న మాట నీ చెవిలో వేసిన చుట్టాల మీద నాకు చాలా కోపంగా ఉంది.

రైతులకు ఇవ్వమని నువ్వు పంపిన ఇరవై వేలు తిరిగి పంపుతున్నా. పాత చిట్టా తీసి ఇల్లిల్లూ తిరుగుతున్నా. ముగ్గురికి ఇచ్చేశా. వాళ్లలో ఒకాయన పోయాడు, ఆయన కొడుకు చేతిలో పెట్టా. అతను ఏమీ అనలేదు, మంచినీళ్లు ఇచ్చాడు. అది తట్టుకోలేకపోయా.

ఇంకా పద్నాలుగు పేర్లున్నాయి. అవి తీరకముందే నేను పోతే, ఇల్లు అమ్మి ముందు వాళ్లవి తీర్చండి, మిగిలితేనే వాటాలు. చాలకపోతే నీ జీతం ముట్టుకోకు. అది నీ మీద బాకీ కాదు.

తిరిగి పంపుతున్న ఆ ఇరవై వేలతో మంచి డాక్టరమ్మకు చూపించుకో. రెండుసార్లు ఎందుకు పోయిందో టెస్టులు చేయించుకో. అల్లుడిని కూడా వెంట రమ్మను. నమాజులో నాకోసం దువా చెయ్యి.

శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక నాలుగో ఇంటికి వెళ్తున్నా.

నీ బాపు