మోటుపల్లి ఓడ గురించి మా పిల్లలు రాసిన వాక్యాలు

ఎడిటర్ గారికి నమస్కారం.

బళ్లలో స్మార్ట్ టీవీలు దండగ అని ఒకరు, ప్రతి గదికీ పెట్టాలని ఇంకొకరు రాసిన ఉత్తరాలు మీ పేజీలో చదివాను. నేను బాపట్ల జిల్లాలో సముద్రం పక్క ఊళ్లో ఎస్జీటీని, అంటే చిన్న తరగతుల టీచర్ని. మా బళ్లో మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. బళ్లను బాగుచేసే నాడు-నేడు పథకంలో మా గదికీ టీవీ వచ్చింది. ఆ ఇద్దరూ టీవీ గురించి చాలా రాశారు గానీ, దాని ముందు కూర్చున్న పిల్లవాడు పీరియడ్ అయ్యేసరికి సొంతంగా ఒక్క వాక్యమైనా రాశాడా అని మాత్రం అడగలేదు. నాకు కావాల్సింది ఆ లెక్కే.

మొదట్లో నేనూ వీడియోలు పెట్టేదాన్ని. అశోకుడు, శాతవాహనులు, కాకతీయులు, అన్నీ పెట్టాను. పిల్లలు కదలకుండా చూసేవాళ్లు, గది నిశ్శబ్దంగా ఉండేది, పాఠం బాగా జరిగిందని అనుకునేదాన్ని. తర్వాత చూసింది రాయమంటే అందరి నోటుపుస్తకాల్లోనూ అవే మూడు వాక్యాలు: రాజు మంచివాడు, రాజు గొప్పవాడు, రాజు యుద్ధం చేశాడు. ఏ రాజైనా అంతే. చూడటం అయింది, రాయటానికి వాళ్ల దగ్గర ఏమీ మిగల్లేదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. బడి తెరిచాక ఏ పాఠం తీసినా పిల్లలు తుఫాను దగ్గరికే వచ్చేవాళ్లు, ఎవరి పడవ తాడు తెగిందో, ఎవరి వల ఇసకలో కూరుకుపోయిందో, ఎవరింటి రేకులు లేచిపోయాయో ఒకరి మీద ఒకరు పడి చెప్పేవాళ్లు. అప్పుడు నాకు మోటుపల్లి గుర్తొచ్చింది. చినగంజాం దగ్గరున్న ఈ మోటుపల్లి కాకతీయుల కాలంలో పెద్ద రేవు, మార్కో పోలో రాతల్లో కనిపించే ముట్ఫిలి ఇదే. అక్కడి వీరభద్రస్వామి గుడి దగ్గర కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ పాత రాజులు లాక్కునేవాళ్లట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రం మీదికి వెళ్లేవాళ్లని ఇలా దోచుకోం, మామూలు సుంకం తప్ప ఏమీ తీసుకోం అని గణపతిదేవుడు రాయి మీద మాటిచ్చాడు. ఆ సుంకం సరుకులో ముప్పయ్యో వంతు.

ఈ శాసనం ఫొటో టీవీలో పెట్టాను. అంతే, వీడియో లేదు, సంగీతం లేదు. అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తే, మనవాటిలాగే కనిపించిన ఒకటి రెండింటిని వేలు పెట్టి మరీ చూపించారు. తర్వాత కథ నోటితోనే చెప్పి టీవీ ఆపేశాను. అంతా కలిపి పది నిమిషాలు. ఆ తర్వాత గదిలో జరిగిందే అసలు పాఠం. "ఓడ విరిగితే సరుకు ఎవరిది మేడం?" అని ఒకడు అడిగాడు. దొరికినవాళ్లదని కొందరు, కాదు ఓడ వాళ్లదేనని కొందరు, మొన్న మా నాన్న వల కొట్టుకుపోయి పక్కూరి వాళ్లకు దొరికితే తిరిగిచ్చారని ఒక పాప. ఎనిమిది వందల ఏళ్ల కిందటి రాజు మాట వాళ్ల ఇంటి మాట అయిపోయింది.

అప్పుడు మళ్లీ టీవీ పెట్టి, వాళ్లు చెప్పింది చెప్పినట్టే టైప్ చేశాను. తుఫాను వచ్చింది. ఓడ విరిగింది. సరుకు ఒడ్డుకు వచ్చింది. రాజు తీసుకోలేదు. ఇవి నాలుగూ నాలుగు రాళ్లలా విడివిడిగా ఉన్నాయి, వీటిని కలుపుదామా అన్నాను. ఐదో తరగతి పిల్ల ఒకతి "తుఫాను వచ్చి ఓడ విరిగింది" అంది. మూడో తరగతి వాడు "సరుకు ఒడ్డుకు వచ్చినా రాజు తీసుకోలేదు" అన్నాడు. ఆ "వచ్చినా"కి నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. హైస్కూల్లో దాన్ని అప్యర్థకం అని నేర్పి పరీక్షలో ప్రశ్న అడుగుతారు, వీడికి ఆ పేరు తెలియదు గానీ దాని పని తెలిసిపోయింది. ఏది ముందు జరిగింది, దేనివల్ల జరిగింది, జరగాల్సింది ఎందుకు జరగలేదు, చరిత్రంటే ఇదే కదా, తెలుగులో అదంతా ఈ వచ్చి, వస్తే, వచ్చినా, అందుకే, కాబట్టిల్లోనే ఉంది. అందుకే చరిత్ర వేరు, వాక్యం రాయటం వేరు అని పీరియడ్లు విడగొట్టటం నేను మానేశాను.

ఇక్కడ టీవీ నిజంగా పనికొచ్చింది. నల్లబల్ల మీద ఒక వాక్యాన్ని ఐదు సార్లు మార్చాలంటే ఐదు సార్లు తుడవాలి, పిల్లలకు ఓపిక పోతుంది. తెర మీద వాళ్ల కళ్ల ముందే మాట ముందుకీ వెనక్కీ జరుగుతుంది, రెండు వాక్యాలు ఒకటవుతాయి, పాత రూపం పక్కనే ఉంటుంది. ఫోన్లో మాట్లాడితే తెలుగులో టైప్ అయ్యే సౌకర్యం కూడా వాడాం. ఒక పిల్లవాడు "ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చింది" అంటే అది "ఓడ ఒడ్డుకి కొట్టు వచ్చింది" అని రాసింది. కొట్టు ఎలా వస్తుంది మేడం అని గదంతా లేచి తప్పు దిద్దింది. మామూలుగా నా ఎర్ర సిరా చూస్తే మొహం చిన్నబుచ్చుకునే పిల్లలు, మిషన్ తప్పు దిద్దటానికి ఎగబడ్డారు. చివరికి ప్రతి ఒక్కరూ నోటుపుస్తకంలో సొంత చేత్తో ఐదు వాక్యాలు రాయాల్సిందే, ఆ పని టీవీకి వదలను.

ఒక యాప్ గురించి కూడా చెప్పాలి, పేరెందుకులెండి. చెల్లాచెదురుగా ఉన్న పదాల్ని వేలితో జరిపి వాక్యం చేయాలి. మా పిల్లవాడు "బడికి సీత వెళ్లింది" అని పేర్చాడు. ఎర్ర గుర్తు, తప్పు అని శబ్దం. "సీత బడికి వెళ్లింది" ఒక్కటే దానికి ఒప్పు. తెలుగులో రెండూ వాక్యాలే, సీత ఎక్కడికి వెళ్లిందంటే ఒకలా, బడికి ఎవరు వెళ్లారంటే ఇంకోలా చెబుతాం. ఇంగ్లీషుకి తయారుచేసిన ఆటలో తెలుగు మాటలు నింపేస్తే ఇలాగే అవుతుంది. తన అమ్మ మాట్లాడే వాక్యం తప్పని ఎనిమిదేళ్ల పిల్లవాడికి మిషన్ చెప్పటం నాకు చాలా బాధనిపించింది. ఇలాంటి యాప్‌లు బళ్లకు పంపేముందు తెలుగు చెప్పే టీచర్లు నలుగురికి చూపించండి.

బొమ్మల విషయంలోనూ జాగ్రత్త కావాలి. మోటుపల్లి రేవు అని నాకు దొరికిన ఒక వీడియోలో పొగగొట్టం ఉన్న స్టీమరు కనిపించింది. ఇప్పుడైతే ఎవరైనా కంప్యూటర్ని అడిగి రుద్రమదేవి బొమ్మ ఒక్క నిమిషంలో తెప్పించుకోవచ్చు, అది ఫొటో అనుకునే వయసు మా పిల్లలది. అందుకే మా గదిలో ఒక నియమం పెట్టుకున్నాం, తెర మీద ఏది కనిపించినా "ఇది రాయా, ఫొటోనా, ఎవరైనా గీసిందా?" అని ముందు వాళ్లే అడగాలి. మూడో తరగతి వాళ్లు కూడా అడుగుతున్నారు.

తర్వాత పిల్లల్ని ఇళ్లకు పంపి, 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి అమ్మమ్మల్నీ తాతయ్యల్నీ అడిగి ఫోన్లో రికార్డు చేసుకురమ్మన్నాను. నీళ్లు రాత్రి వచ్చాయని ఒక తాత, సాయంత్రమే అని ఇంకో తాత. ఎవరు నిజం మేడం అన్నారు. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆ రోజు ఇద్దరూ ఏ ఊళ్లో ఉన్నారో కనుక్కురమ్మన్నాను. కనుక్కొచ్చి రాసిన వాక్యాల్లో "మా తాత చెప్పినదాని ప్రకారం" అన్న మాట మొదటిసారి కనిపించింది.

ఇంత చేసినా పై అధికారులు నన్ను అడిగేది ఒకటే: టీవీ ఎన్ని గంటలు ఆన్‌లో ఉంది? కాసేపే అంటే తక్కువ వాడినట్టు లెక్క. దయచేసి ఆ లెక్క మార్చండి, వచ్చినప్పుడు పిల్లల నోటుపుస్తకాలు తెరిచి చూడండి. ట్రైనింగ్‌లో టీవీ ఎలా ఆన్ చేయాలో రోజంతా చెప్పారు, ఒక్క ఫొటోతో పదిహేను ప్రశ్నలు ఎలా అడగాలో ఒక్క గంటైనా చెప్పండి. పురావస్తు శాఖ, మ్యూజియాల దగ్గరున్న మంచి ఫొటోలు, ఏ జిల్లా బళ్లకు ఆ జిల్లావి ఇప్పించండి, ఇక్కడికి మోటుపల్లీ భట్టిప్రోలూ, కడప వైపు పిల్లలకు కలమళ్ల శాసనం. నెట్ లేకపోయినా పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటాం.

మీకూ ఒక విన్నపం. మీ పిల్లల పేజీలో నెలకొకసారి ఇలాంటి ఒక్క శాసనం ఫొటో పెద్దగా వేయండి, కింద రెండు వాక్యాలు చాలు, మిగతావి పిల్లలు రాసుకోవటానికి ఖాళీ వదలండి. మా పక్క ఊరి బళ్లో టీవీ పాడై చాలా రోజులైంది, అక్కడి టీచర్ మీరు వేసే ఫొటోని కత్తిరించి గోడకు అంటించుకుంటానంది.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల టీచర్,
బాపట్ల జిల్లా