తొలగించే ముందు సంజాయిషీ వినాలి

సంపాదకులకు,

సాయంత్రం వేళ ఉద్యోగిని గదిలోకి పిలిచి, ముందే టైపు చేసి ఉంచిన రాజీనామా పత్రంపై సంతకం పెట్టమనడం, అతను తన సీటుకు తిరిగి వచ్చేసరికి కంప్యూటర్ పాస్‌వర్డ్ పనిచేయకుండా చేయడం చాలా సంస్థల్లో మామూలైపోయింది. కాగితం మీద అది స్వచ్ఛంద రాజీనామా కాబట్టి, కారణం ఏమిటని అడిగే దారి కూడా అతనికి దాదాపు మూసుకుపోతోంది. ఇది ముమ్మాటికీ అన్యాయం.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో ఆమోదించిన 158వ ఒడంబడిక ప్రకారం, ఉద్యోగి సామర్థ్యానికో, ప్రవర్తనకో, సంస్థ నిర్వహణ అవసరాలకో సంబంధించిన సరైన కారణం లేకుండా ఎవరినీ తొలగించకూడదు. ప్రవర్తన లేదా పనితీరు బాగాలేదని తొలగించదలిస్తే, సాధారణంగా ఆరోపణలకు జవాబు చెప్పుకునే అవకాశం ముందుగా ఇవ్వాలి. గర్భం దాల్చడం, అనారోగ్యంతో తాత్కాలికంగా పనికి రాలేకపోవడం సరైన కారణాలు కావని కూడా అది స్పష్టంగా చెబుతోంది. అయితే ఈ ఒడంబడికను ధ్రువీకరించని దేశాలే ఎక్కువ.

యాజమాన్యాల ఇబ్బందినీ కాదనలేం. నలుగురైదుగురితో నడిచే సంస్థకు ఒక్కరు సరిగా పనిచేయకపోయినా భారమే. అందుకే హెచ్చరికలను ఎప్పటికప్పుడు తేదీతో సహా రాతపూర్వకంగా ఇచ్చి, ఉద్యోగి సంజాయిషీని కూడా ఫైలులో భద్రపరచడం వారికే మేలు; వివాదం కోర్టుకెక్కితే, నోటిమాటగా మందలించామన్న వాదనను నిరూపించడం కష్టమవుతుంది.

బలవంతపు రాజీనామాను తొలగింపుగానే పరిగణించాలి. సంతకం చేసే ముందు యూనియన్ ప్రతినిధినో న్యాయవాదినో సంప్రదించేందుకు ఉద్యోగికి కొద్దిరోజుల గడువు చట్టమే కల్పించాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు