గ్రూపులో పెట్టాను కదత్తా!

ఏరా, ఎలా ఉన్నావ్? పిల్లలు కులాసానా?

మొన్న గాజువాక పెద్దత్తకి కంటి ఆపరేషన్ అయిందిరా, ఆవిడ ఇంటికొచ్చేశాక గానీ మాకు తెలీలేదు. మద్దిలపాలెంలో బస్సెక్కితే గంటలో వెళ్ళిపోయే దూరం! అమ్మ ఫోన్ చేసి "ఒక్క మాట చెప్పలేదేం వదినా" అని బాధపడితే, పక్కనుంచి వాళ్ళబ్బాయి అందుకుని "గ్రూపులో పెట్టాను కదత్తా" అన్నాడు. నిజమే, పెట్టాడు. గుడ్ మార్నింగ్ పువ్వులు, సింహాద్రి అప్పన్న ఫోటోలు, ఎవరి పాపదో డాన్సు వీడియో, వాటి మధ్యలో రెండు లైన్లు, కింద వరసగా దండాల బొమ్మలు. అమ్మకి ఆ అక్షరాలు ఆనలేదు.

వాడికి ప్రేమ లేక కాదురా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కొట్టి కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేనప్పుడు, రోడ్ల నిండా పడిపోయిన చెట్లు దాటుకుంటూ సైకిల్ మీద గాజువాక నుంచి మా ఇంటికొచ్చింది వీడే. ఊళ్ళో పాలు దొరకట్లేదని రెండు ప్యాకెట్లు కూడా తెచ్చాడు! అదే మనిషి ఇవాళ టైప్ చేసి పంపేస్తే అందరికీ చెప్పేసినట్టే అనుకుంటున్నాడు, మనమూ దండం బొమ్మ పెట్టి పలకరించేసినట్టే అనుకుంటున్నాం. అదే ఫోన్ చేసుంటే "భయంగా ఉందా, తోడెవరుంటున్నారు, నన్ను రమ్మంటావా" అని అమ్మ అడిగేది, ఆ రాత్రే బయల్దేరేది కూడా.

నెట్ వద్దని నేననను. చెల్లి డాలస్‌లో ఉంది, వీడియోలో మనవడు కొత్తగా వచ్చిన పన్ను చూపిస్తే అమ్మ ఆ రోజంతా అదే చెప్పుకుంటుంది. రాత్రి పదకొండు దాటితే రేటు తగ్గుతుందని ఎస్టీడీ బూత్‌ల ముందు క్యూ కట్టిన రోజులు నీకూ గుర్తేగా, అవి మళ్ళీ రావాలని ఎవరు కోరుకుంటారు? 2016లో జియో వచ్చి డేటా చవకయ్యాక దూరం ఉన్నవాళ్ళు బాగా దగ్గరయ్యారు, అందులో సందేహం లేదు. నా దిగులంతా ఒకే ఊళ్ళో ఉన్నవాళ్ళ గురించే.

అందుకే మా కజిన్స్‌తో గట్టిగా చెప్పాను: ఒంట్లో బాగోకపోయినా, పురుడైనా, ఎవరైనా పోయినా, ముందు పెద్దవాళ్ళకి గొంతు వినిపించండి, గ్రూపు సంగతి తర్వాత చూద్దాం అని. కొందరు విసుక్కున్నారు, విసుక్కోనీ. అమ్మ ఇప్పుడు పెద్దత్త దగ్గరే ఉంది, చుక్కలమందు తనే వేస్తోంది.

ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉంటాను, ఫోన్ చెయ్యి. మీ నాన్నగారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో వివరంగా చెబుదువుగాని, ఆయనకి కూడా ఓసారి ఇవ్వు.