మంచిర్యాల దోస్తుకు, కంప్యూటర్ వైరస్ గురించి

దోస్తూ,

ఇంట్లో కంప్యూటర్‌కు వైరస్ పట్టినట్టుందని నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు కంప్యూటర్ కంటే నీ బ్యాంకు ఖాతా గురించే టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో అన్నీ చెప్తే సగం మర్చిపోతావని తీరిగ్గా కూర్చొని రాస్తున్నా. ఇది పక్కన పెట్టుకొని ఒక్కొక్కటి చెయ్.

ముందైతే ఆ కంప్యూటర్‌కు నెట్ తీసెయ్. స్క్రీన్ మూలకు వస్తున్న "వైరస్ ఉంది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అనే డబ్బాను చూసి చెల్లె భయపడిందన్నావు కదా, ఆ నంబర్‌కు మాత్రం ఎవరూ ఫోన్ చేయొద్దు. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు. ఫోన్ చేస్తే బాగుచేస్తామని చెప్పి దూరం నుంచే నీ కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్ లాంటి సాఫ్ట్‌వేర్ వేయించుకుంటారు, ఇక మౌస్ వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఈ డబ్బాలు చాలాసార్లు వైరస్ కూడా కావు. ఏదో సైట్‌లో "రోబో కాదని చూపడానికి అలో నొక్కండి" అంటే పిల్లలు నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరువు. అక్కడ తెలియని సైట్ల పేర్లన్నీ తీసేస్తే ఆ గోల పోతుంది.

నన్ను నిజంగా భయపెట్టింది వేరే మాట. బాబు ఫోటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ క్రాక్, అంటే డబ్బు కట్టకుండా నడిచే దొంగ కాపీ, వేశాడని, వేసే ముందు యాంటీవైరస్ ఆపమని అందులోనే రాసి ఉందని చెప్పావు చూడు, అది. జిప్ ఫైల్‌కు పాస్‌వర్డ్ కూడా ఉందన్నావు. యాంటీవైరస్ లోపలికి తొంగి చూడకుండా ఉండడానికే అలా పెడతారు. ఇలాంటి వాటిలో ఎక్కువగా వచ్చేవి పాస్‌వర్డ్ దొంగలు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు, కుకీలు (నువ్వు ఇప్పటికే లాగిన్ అయ్యావని సైట్‌కు గుర్తుచేసే చిన్న ఫైళ్లు) అన్నీ మూటగట్టి నిమిషాల్లో పంపేస్తాయి. కుకీ చేతికి చిక్కితే పాస్‌వర్డ్, ఓటీపీ లేకుండానే నీ జీమెయిల్ తెరవొచ్చు. 'లుమ్మా' అని ఇలాంటిదే ఒకటి 2025లో రెండు నెలల్లోనే 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో దూరినట్టు మైక్రోసాఫ్ట్ గుర్తించింది.

అందుకే స్కాన్ చేసి "క్లీన్" అని రాగానే పని అయిపోయిందనుకోకు. దొంగను వెళ్లగొట్టినా తాళంచెవి నకలు వాడి జేబులోనే ఉంటుంది కదరా. ఈ రాత్రికే చెల్లె ఫోన్‌లోంచి పాస్‌వర్డులు మార్చు, ఆ కంప్యూటర్‌లోంచి మాత్రం మార్చకు. మొదట జీమెయిల్, ఎందుకంటే మిగతా వాటి రీసెట్ లింకులన్నీ దానికే వస్తాయి. మార్చాక అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేసి, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టు. తర్వాత నెట్ బ్యాంకింగ్. ఖాతాలో డబ్బు కదిలినట్టు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చెయ్. ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక స్కాన్. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ తెరిచి, ముందు ఎక్స్‌క్లూజన్స్, అంటే స్కాన్ చేయొద్దని చెప్పే జాబితా, చూడు. కొన్ని క్రాకులు చాటుగా సీ డ్రైవ్ మొత్తాన్ని అందులో రాసిపెడతాయి, అంటే డిఫెండర్ (విండోస్‌తో వచ్చే యాంటీవైరస్) దాని జోలికి పోదు. ఉంటే తీసెయ్. అప్‌డేట్ కోసం కాసేపు నెట్ పెట్టి, స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నొక్కు. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే వెతుకుతుంది, అప్పుడు వైరస్ దాక్కోవడం కష్టం. సుమారు 15 నిమిషాల పని. తర్వాత ఇంకోసారి చూసుకోవాలంటే సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) వాళ్ల సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైట్‌లో ఉచిత టూల్స్ ఉన్నాయి. అయినా మళ్లీ మళ్లీ దొరుకుతుంటే దానితో కుస్తీ పట్టకు. ఫోటోలు, కాగితాలు మాత్రం బయటికి తీసుకొని విండోస్ కొత్తగా వేయించు. సెటప్ ఫైళ్లు ఒక్కటి కూడా వెంట తెచ్చుకోవద్దు.

పెన్ డ్రైవ్ సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ హనుమకొండలో కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్డు దగ్గర అడ్మిషన్ల సీజన్‌లో జిరాక్స్ షాపు కంప్యూటర్‌కు ఎన్ని పెన్ డ్రైవులు పెడతారో చూస్తే నాకు గుండె దడే. ఇంటికొచ్చి చూస్తే ఫోల్డర్ బొమ్మ కింద మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది ఫోల్డర్ కాదు, షార్ట్‌కట్. నొక్కితే వైరస్ నడుస్తుంది. అసలు ఫోల్డర్ ఎక్కడికీ పోదు, దాచిపెట్టి ఉంటుంది. వ్యూలో హిడెన్ ఐటమ్స్ పెడితే కనిపిస్తుంది. ప్రింటు కోసం వేరే పెన్ డ్రైవ్ ఒకటి పెట్టుకో, ఇంటి ఫోటోలున్నది బయటికి పంపకు.

నీది ఇంకా విండోస్ 10 అయితే దానికి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది. 11కు పనికొచ్చే కంప్యూటరేనా చూసి మార్చు. బాబుకు స్టాండర్డ్ అకౌంట్ చేసివ్వు, ఏదైనా వేయాలంటే నీ పాస్‌వర్డ్ అడుగుతుంది. వాణ్ని తిట్టకు. ఫోటోల మీద అంత ఇష్టముంటే జింప్ ఉచితంగానే దొరుకుతుంది, దాని సొంత సైట్ నుంచి వేసివ్వు. అమ్మ ఫోటోలు, పెళ్లి ఫోటోలు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఎక్కించి, వైరు పీకి బీరువాలో పెట్టు. తగిలించే ఉంచితే ఫైళ్లకు తాళం వేసే రాన్సమ్‌వేర్ దానికి కూడా తాళం వేస్తుంది.

పాస్‌వర్డులు మార్చగానే ఒక మెసేజ్ పెట్టు, ఎంత రాత్రైనా పర్వాలేదు. విండోస్ వేయించాల్సి వస్తే సీపీయూ పట్టుకొని ఆదివారం భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కు. కాజీపేట స్టేషన్‌కు నేనే బండి తీసుకొని వస్తా.

నీ దోస్తు