లెంట్ మొదలయ్యేలోగా బావకి ఒక ఉత్తరం

బావా,

ప్రభువు నామంలో వందనాలు. చెల్లాయికి, పిల్లలకి కూడా చెప్పు. కొత్త పాస్టరేట్‌లో సామాను సర్దుకోకముందే లెంట్, అదే ఈస్టర్ ముందటి నలభై రోజుల ఉపవాస కాలం, నెత్తిమీదికి వచ్చిందనీ, ఎనిమిది ఊళ్లకీ నువ్వొక్కడివేననీ రాశావు. ప్రసంగాల సంగతి నేను ముట్టుకోను, అవి నీకు వచ్చు. సెమినరీలో ఎవరూ చెప్పని పనులున్నాయే, వాటి గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదువుకో.

ముందు తేదీలు. ఈ 2026లో లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18, గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 3, ఈస్టర్ ఏప్రిల్ 5. బుధవారం నుంచి ఈస్టర్ ముందటి శనివారం దాకా లెక్కేస్తే 46 రోజులొస్తాయి. ఆరు ఆదివారాలు తీసేస్తే నలభై. "నలభై అన్నారు, ఇన్ని ఉన్నాయేంటి అయ్యగారూ" అని ఎవరో ఒకరు అడక్క మానరు. ఆదివారం పునరుత్థాన దినం, దానికి ఉపవాసం లేదు అంటే సరిపోతుంది. ఈస్టర్ తేదీ ఏటా ఎందుకు మారుతుందనీ అడుగుతారు. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పున్నమి దాటాక మొదటి ఆదివారం ఈస్టర్. తిథులు చూసుకునే ఊళ్లో ఇది చెప్పడం తేలికే. ఈసారి ఉగాది మార్చి 19, చైత్ర పున్నమి ఏప్రిల్ 2, ఆ వెంటనే ఈస్టర్. అలాగని ఎప్పుడూ చైత్ర పున్నమేనని మాటివ్వకు. 2027లో ఈస్టర్ మార్చి 28నే వస్తుంది, ఉగాది ఇంకా పది రోజులుండగానే.

లెంటులో పెళ్లిళ్లు చెయ్యరు గనక బుధవారం లోపు నీ మీద పెళ్లిళ్లు పడతాయి. తొందరలోనే తప్పులు జరుగుతాయి. మనం చేసే పెళ్లికి ఆధారం 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం. దాని ప్రకారం ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపు పెళ్లి జరగాలి (ప్రత్యేక లైసెన్సుల సంగతి వేరు). పెళ్లికొడుకు కారు అలంకరణ దగ్గర గంట, బ్యాండు దగ్గర గంట పోయి, ఆరున్నరకి గుడి మెట్లెక్కితే నువ్వు వాక్యం కుదించుకోవాల్సిందే గానీ గడియారాన్ని వెనక్కి తిప్పలేవు. కార్డులో నాలుగని వేయించు. నువ్వు కాక ఇద్దరు సాక్షులు, వాళ్లు అక్కడే సంతకం పెట్టాలి. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాయని పదో తరగతి మెమో చూశాకే గుడిలో పెళ్లి ప్రకటన చదువు.

అన్నిటికంటే ఎక్కువ గొడవ పేర్లతో వస్తుంది. బాప్తిస్మం రిజిస్టరులో ఒక పేరు, మెమోలో ఒకటి, ఆధార్‌లో ఇంటిపేరు వెనక్కి. పెళ్లినాడు ఎవరూ పట్టించుకోరు. నాలుగేళ్లకి వీసా కోసం సర్టిఫికెట్ తీస్తే పాస్‌పోర్టుతో ఒక్క అక్షరం కలవక నీ దగ్గరికే వస్తారు, అప్పటికి నువ్వు బదిలీ అయి ఉంటావు. పెళ్లికి వారం ముందే ఇద్దరి మెమోలూ, పాస్‌పోర్టుంటే అదీ తెప్పించి, ఆ అక్షరాలే కాపీ చెయ్యి. రిజిస్టరులో తప్పు పడితే వైట్‌నర్ పూయొద్దు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైన మాట రాసి, పొట్టి సంతకం పెట్టు.

రిజిస్టరు మాట వచ్చింది గనక ఇంకో సంగతి. "మా పిల్లవాడి పేరు బాప్తిస్మం పుస్తకంలో రాయొద్దండి" అని అడిగే ఇళ్లు నీకు తగులుతాయి. ఎందుకో నీకు తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు, మనవాళ్లని చేర్చలేదు. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకి మన రాష్ట్రంలో దక్కేది బీసీ-సి. వెలివాడలోనే పుట్టి, అక్కడే బతికే మనిషికి గుడికెళ్లినంత మాత్రాన అవమానం తగ్గలేదు, సర్టిఫికెట్ మాత్రం మారింది. రిజిస్టరులో అబద్ధం రాయకు, రాసింది చింపకు. కానీ ఆ తల్లిదండ్రుల్ని పుల్పిట్ మీంచి దెప్పొద్దు. ఎస్సీ హోదా పోతే ఫీజు కట్టలేనివాడి భయాన్ని అవిశ్వాసమని పిలవడం నాకు నచ్చదు.

బూడిద సంగతి త్వరగా చెప్పేస్తాను. భస్మ బుధవారం నాడు నుదుటి మీద బూడిద పెట్టే అలవాటు ఆ సంఘంలో ఉందో లేదో పెద్దల్ని అడుగు. లేకపోతే వచ్చిన ఏడే మొదలెట్టకు. ఉంటే, పోయినేటి మట్టల ఆదివారం నాటి మట్టలు బాగా ఎండినవి ఇనప మూకుట్లో కాల్చి, మెత్తగా నూరి, పల్చటి గుడ్డలో జల్లించి, నాలుగు చుక్కల కొబ్బరినూనెతో కలుపు. నీళ్లు మాత్రం వద్దు. బూడిదలో నీళ్లు పడితే క్షారమై చర్మం మంట పుడుతుంది, చంటిపిల్లల నుదురు పొక్కుతుంది కూడా.

ఇక గృహ కూటాలు. రోజుకో ఇల్లు చొప్పున నలభై ఇళ్లకి జాబితా రాస్తానంటున్నావు, ఆ పని చెయ్యకు. వారానికి ఐదు సాయంత్రాలు చాలు, రెండు నీ ఇంటివి. ఏడింటికి మొదలు, ఎనిమిదింపావుకి ముగింపు. ఒక పాట, ప్రార్థన, ఒక కీర్తన చదవడం, పదిహేను నిమిషాల వాక్యం, ఆ ఇంటివాళ్ల మనవులు, అంతే. మార్చిలో పదో తరగతి పరీక్షలుంటాయి, పక్కింటి పిల్లలకీ ఉంటాయి. మైకు పెట్టకు, ఇరవై మందికి మైకెందుకు?

కూటాల్ని చెడగొట్టేది టీ. నవ్వకు. మొదటి ఇంట్లో టీ బిస్కట్లు, రెండో ఇంట్లో ఉప్మా, మూడో ఇంట్లో ఇడ్లీ వడ, రెండో వారానికల్లా బిర్యానీ. ఆ తర్వాత కూలికెళ్లే ఇల్లు తన పేరు జాబితాలోంచి తీసేయమంటుంది, "ఊరెళ్తున్నామండి" అని చెబుతుంది. నువ్వు నమ్మేస్తావు కూడా. అందుకని మొదటి ఆదివారమే ప్రకటన చెయ్యి, అందరిళ్లలోనూ మంచినీళ్లు, వేసవి గనక కావాలంటే మజ్జిగ. ట్రెజరర్ గారింట్లో కూడా అంతే. ఒక్క ఇంట్లో సడలిస్తే పోయినట్టే.

ఉపవాసాలుండమని అందరికీ ఒకే మాట చెప్పకు. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మందు వేసుకుని అన్నం మానేస్తే చెమటలు పట్టి, చేతులు వణికి, ప్రార్థనలోనే కూలబడతారు. చూసినవాళ్లు ఆత్మావేశం అనుకుంటారు. మూడు నాలుగు చెంచాల పంచదార కలిపిన నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన మనిషికి చేతులుంచి ప్రార్థన చేస్తూ కూర్చుంటారు. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పొయ్యకూడదు, పరుగున తీసుకెళ్లడమే. అలాంటివాళ్లకి అన్నం బదులు మాంసం మానమను, సీరియల్ మానమను, డాక్టర్ని అడిగి రమ్మను.

నీ ఇంటి సంగతి నువ్వు రాయలేదు, కానీ చెల్లాయి ఉత్తరం చివర రాసిన రెండు లైన్లలో చదివాను. జీతం లేని రెండో పాస్టరు పాస్టరమ్మే. స్త్రీల కూటం, సండే స్కూలు, వచ్చినవాళ్లకి కాఫీ, నీ తెల్ల అంగీ ఇస్త్రీ, అన్నీ ఆమెవే. సోమవారం పగలు ఇంట్లో ఉండు, ఫోను సెక్రటరీకి అప్పగించు, చావు కబురైతేనే పిలవమను. కుటుంబ ప్రార్థన భోజనం తర్వాత పెట్టకు, పిల్లలు కునికిపాట్లు పడతారు. భోజనానికి ముందు, పది నిమిషాలు, వాక్యం పిల్లలే చదవాలి, తప్పు చదివినా దిద్దకు. ఇంట్లో పిల్లలు చేసిన అల్లరిని ఆదివారం ప్రసంగంలో ఉదాహరణగా చెప్పకు. సంఘమంతా నవ్వుతుంది, ఆ పిల్ల మాత్రం మళ్లీ నీ ముందు నోరు విప్పదు.

ప్రభు బల్లకి, అదే యేసు చివరి విందు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారానికి, రసం గురించి ప్రత్యేకంగా అడిగావు. బజార్లో దొరికే రంగు నీళ్లు వాడకు. ఫిబ్రవరి నుంచి నల్ల ద్రాక్ష చవగ్గా దొరుకుతుంది. మూడు కిలోలకి సుమారు రెండు లీటర్లొస్తుంది. మనిషికి పది మిల్లీలీటర్ల చొప్పున నూట యాభై మందికి లీటరున్నర, మిగతాది ఒలికిపోయేదానికి. పళ్లు తొడిమలు తీసి, ఉప్పునీళ్లలో కడిగి, స్టీలు గిన్నెలో గ్లాసుడు నీళ్లతో సన్న సెగన పెట్టు. అల్యూమినియం వద్దు, ద్రాక్ష పులుపుకి రుచి మారుతుంది. తొక్కలు పగిలి రంగు దిగాక గరిటెతో మెదుపు. మిక్సీలో వేస్తే గింజలు నలిగి చేదెక్కుతుంది. గుడ్డలో వడకట్టి, మళ్లీ అంచుల్లో చిన్న బుడగలు వచ్చేదాకా వేడిచేసి, వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన గాజు సీసాల్లో వేడిగానే పోసి మూత బిగించు. అమెరికాలో వెల్చ్ అనే దంతవైద్యుడు 1869లో పాశ్చర్ పద్ధతిని ఇలాగే ద్రాక్షరసానికి వాడాడు, అదీ సంస్కారంలో పులియని రసం ఇవ్వాలనే. వేడి చెయ్యకుండా వదిలితే మన ఎండలకి రెండో రోజుకే పులుస్తుంది. మూత తీసినప్పుడు బుస్సుమన్నా, పైన నురగ ఉన్నా వాడకు. అడుగున గాజు పెంకుల్లా మెరిసే పలుకులు కనిపిస్తే కంగారుపడి పారబొయ్యకు. అది ద్రాక్షలోని ఉప్పే, ఫ్రిజ్‌లో చల్లబడ్డాక గడ్డకడుతుంది. మళ్లీ వడకట్టుకో.

రొట్టెకి పావుకిలో మైదా లేదా గోధుమపిండి, చిటికెడు ఉప్పు, చెంచా నూనె, అరగ్లాసు నీళ్లు. పిండి కలిపి పావుగంట నాననిచ్చి, చపాతీ కంటే కాస్త మందంగా ఒత్తు. పెనం మీద వెయ్యకముందే చాకుతో నిలువు, అడ్డం గాట్లు పెట్టు, పూర్తిగా తెగకూడదు. ఫోర్కుతో పొడిస్తే పొంగదు. రెండు వైపులా మచ్చలు పడకుండా కాల్చి, గుడ్డలో చుట్టు. కరకరలాడేదాకా కాల్చావంటే విరిచేటప్పుడు పొడి రాలి బల్ల గుడ్డంతా పడుతుంది. మిగిలిన రొట్టె, రసం నువ్వూ పెద్దలూ అక్కడే ముగించండి, మోరీలో పొయ్యొద్దు.

ఈస్టర్ ముందటి ఆదివారం, అదే మట్టల ఆదివారం, ఊరేగింపుకి మట్టలు పట్నం నుంచి కొనకు. ఈత మట్టలైతే మొదట్లో ముళ్లుంటాయి, ముందురోజే కత్తితో చెక్కించు, లేకపోతే పిల్లలు ఊరేగింపులో ఒకళ్లనొకళ్లు పొడుచుకుంటారు. కొబ్బరాకైతే ఆ బాధ లేదు. ఇది మరీ నాటుగా ఉంటుందని ఎవరైనా పెద్దమనిషి అంటే దోర్నకల్ కతీడ్రల్ చూసి రమ్మను. 1912లో బిషప్ అయిన మొదటి భారతీయ ఆంగ్లికన్ అజరయ్య గారి కాలంలో కట్టింది, 1939లో ప్రతిష్ఠించారు. గుమ్మటాలు మసీదు తీరున, స్తంభాలు గుడి తీరున ఉంటాయి.

గుడ్ ఫ్రైడే ఎనిమిది ఊళ్లలో నువ్వు చెయ్యలేవు, ప్రయత్నించకు. అందరినీ పెద్ద గుడికి పిలిపించు, దూరం ఊళ్లకి ఆటోల ఖర్చు సంఘం పెట్టుకోవాలి. పన్నెండు నుంచి మూడు దాకా నూట ఎనభై నిమిషాలు, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు. పాటా ప్రార్థనా కలిపి ఒక్కో మాటకి పాతిక నిమిషాలు. అందులో వాక్యానికి పదిహేనే. ఎప్పుడూ జరిగేదేంటంటే, క్షమాపణ మాట చెప్పేవాడు నలభై నిమిషాలు లాగుతాడు, "సమాప్తమైనది" చెప్పడానికి వచ్చినవాడికి ఐదు నిమిషాలు మిగులుతాయి. అందుకని బాగా మాట్లాడేవాణ్ణి మొదట్లో పెట్టకు, నాలుగో మాటకి పెట్టు. అప్పటికి ఎండ మండిపోతూ జనం వాడిపోయి ఉంటారు. మొదటి బెంచీలో గడియారంతో ఒకణ్ణి కూర్చోబెట్టు, పన్నెండో నిమిషానికి పచ్చ కాగితం, పదిహేనుకి ఎర్రది. "దప్పిగొనుచున్నాను" మాట దగ్గర నీళ్లు తాగడానికి జనం మొహమాటపడతారు, ముందే చెప్పు, ముసలివాళ్లు తాగొచ్చని. కరెంటు పోతే జనరేటరుకి డీజిల్ ఉందో లేదో గురువారమే చూడు.

శనివారం సమాధుల తోట పని. సున్నం గుల్ల తెచ్చి నీళ్లు పోసేటప్పుడు పిల్లల్ని దగ్గరికి రానివ్వకు, ఉడికి చిమ్ముతుంది, కంట్లో పడితే చూపే పోతుంది. నీళ్లలో గుల్ల కొంచెం కొంచెం వెయ్యాలి గానీ గుల్ల మీద నీళ్లు గుమ్మరించకూడదు. ముందురోజే కలిపి వడకట్టి ఉంచుకుంటే శనివారం పొద్దున పూత సాగుతుంది. పేరు చెరిగిపోయిన సమాధులకి కూడా ఒక పూత వేయించు, వాళ్ల తాలూకు వాళ్లెవరూ ఊళ్లో ఉండరు.

ఈస్టర్ తెల్లవారుజామున నాలుగున్నరకే సమాధుల దగ్గరికి వెళ్తారు కదా. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ నిషేధం, పండగ అన్నా ఎస్సై ఊరుకోడు. ఆ చీకట్లో మైకు లేకుండా పాడితేనే బాగుంటుందని నా అభిప్రాయం. కొవ్వొత్తులు గాలికి ఆరిపోతాయి, కాగితం కప్పులకి అడుగున చిల్లు పెట్టి దూర్చమను, మైనం చేతులమీద కారదు. ఆడపిల్లల వోణీలు, జడలు జాగ్రత్త, ముందు వరసకీ వెనక వరసకీ మధ్య రెండడుగులు వదలమను.

మా దగ్గర వార్తలు పెద్దగా లేవు. గంట తాడు మార్చాం, పైకప్పు కారడం ఇంకా ఆగలేదు. నువ్వు మీ ఊళ్లకి మధ్య దూరాలు, ఒక్కో ఊళ్లో బల్ల తీసుకునేవాళ్ల లెక్క రాసి పంపు, గుడ్ ఫ్రైడే ముందటి గురువారం బల్లకి ఎన్ని కిలోల ద్రాక్ష కావాలో లెక్కేసి చెబుతాను. చెల్లాయిని ఈసారి రెండు లైన్లు కాదు, ఒక పేజీ రాయమను.

నీ బావ